గ్రాఫిక్స్ కార్డు మీద పువ్వు

కంప్యూటరు విప్పడం నేర్చుకోకముందే కంప్యూటరు మెకానిక్కును అనుమానించడం నేర్చుకున్నాను. నా ఒక్కడికే కాదు, రెండు వేల మూడు, నాలుగు ప్రాంతంలో చిత్తూరులో కంప్యూటరు పెట్టుకున్న ప్రతివాడికీ ఈ జబ్బు ఉండేది. కోర్టు దగ్గర ఒక సందులో నాకు చిన్న డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, మామిడికాయల పెట్టెల మీద అంటించే లేబుళ్ళు, వకీళ్ళ విజిటింగ్ కార్డులు, ఫోటో స్టూడియోల వాళ్ళు తెచ్చే ఆల్బమ్ పేజీలు, ఇవీ నా పనులు. ఆల్బమ్ పేజీల కోసమే మిషనులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయించాను. అరచేతికి కాస్త పెద్దది, పచ్చటి పలక, మధ్యలో బుల్లి ఫ్యాను. దాన్ని షాపుకు వచ్చినవాళ్ళకు క్యాబినెట్టు తలుపు తీసి మరీ చూపించేవాణ్ణి.

రిపేరుకు ఇస్తే లోపలి సామాను మార్చేస్తారు. మంచిది తీసి చెడ్డది పెట్టేస్తారు. ఈ మాట ఎవరు పుట్టించారో తెలియదు కానీ పెంచి పోషించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. టీ అంగట్లో కూర్చుని నేను చెప్పిన కథ ఒకటి ఇప్పటికీ చిత్తూరులో తిరుగుతూ ఉంటుంది. మా ఊరాయన ఒకడు రేడియో రిపేరుకు ఇచ్చాడని, వారం తర్వాత తెచ్చుకుని పెడితే అది అరవం తప్ప ఇంకో మాట మాట్లాడలేదని, ఆయన మళ్ళీ తీసుకుపోయి గొడవ చేస్తే, తెలుగు మాట్లాడే సామాను రేణిగుంటలో ఎవరికో వేసేశాం, నెల ఆగమన్నారని. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఒక టీ ఊరికే వచ్చేది. నమ్మినవాడూ ఇప్పించేవాడు, నమ్మనివాడూ ఇప్పించేవాడు.

మాది శెనక్కాయలు పండించే ఇల్లు. నూనె మిల్లుకు మూటతో పోతే, మన కాయలు యంత్రంలో పోసిన దగ్గరనుంచి నూనె డబ్బాలోకి దిగేదాకా అక్కడినుంచి కదలకూడదని మా నాయన చెప్పి పంపేవాడు. కదిలితే ఎవరి పుచ్చిన కాయల నూనో మనకు పోస్తారు. ఆ చదువుతో పెరిగినవాణ్ణి, నా కార్డును ఇంకొకడి చేతికిచ్చి కళ్ళు మూసుకుని ఎట్లా ఉంటాను?

మా మెకానిక్కుది తిరుపతి. నాకంటే ఆరేడేళ్ళు చిన్న. మొదట టేపు రికార్డర్లు బాగుచేసేవాడు, తర్వాత కంప్యూటర్ల పని నేర్చుకున్నాడు. తిరుపతిలో మెట్ల కింద ఒక గది అంత షాపు. వారానికి రెండుసార్లు భుజాన సంచి వేసుకుని చిత్తూరు బస్సెక్కి వచ్చి, మా డీటీపీ వాళ్ళనూ స్టూడియోల వాళ్ళనూ ఒక చుట్టు చుట్టి పోయేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నాడు. తినేటప్పుడు కూడా మాట్లాడడు. తక్కువ మాట్లాడే వాళ్ళ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. లోపల ఏదో లేకపోతే మనిషి అంతసేపు నోరు మూసుకుని ఎట్లా ఉండగలడని నాకు ఆశ్చర్యం.

ఆ నెలలోనే అతనికి ఒక మంచి అవకాశం వచ్చి పడింది. తిరుపతి బయట ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు తమ ల్యాబులో ఉన్న నలభై కంప్యూటర్లనూ చూసుకునే పని అతనికే ఇస్తామన్నారు. కాలేజీ కరెస్పాండెంటు మాట ఇచ్చాడు, కాగితం మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఆ కాగితం వస్తే బస్సుల్లో తిరగడం తప్పుతుంది, మెట్ల కిందినుంచి బయటపడి రోడ్డు మీద షాపు పెట్టుకోవచ్చు. ఇదంతా అతను నాకు చెప్పింది రెండు ముక్కల్లో. మిగిలింది నేను ఊహించుకున్నాను.

సరిగ్గా అప్పుడే నా కార్డు ఫ్యాను కీచుమనడం మొదలుపెట్టింది. పక్క షాపు వాళ్ళు వచ్చి లోపల ఎలకేమన్నా ఇరుక్కుందా అని అడిగేంతగా. మెకానిక్కు ఒకరోజు వచ్చి విని, ఫ్యాను మార్చాలి, ఆ సైజుది తిరుపతి షాపులో ఉంది, గురువారం వచ్చి కార్డు తీసుకుపోయి శనివారం తెచ్చిస్తానన్నాడు.

గురువారానికి శనివారానికి మధ్య రెండు రాత్రులు. నా కార్డు రెండు రాత్రులు తిరుపతిలో ఒంటరిగా ఉంటుంది. అది వెనక్కి వచ్చినప్పుడు నాదేనని నాకెట్లా తెలుస్తుంది? కార్డులన్నీ ఒకే పచ్చ, ఒకే ఆకారం. మా ఆవిడతో ఇదే మాట అన్నాను. ఆమె పప్పు ఎనుపుతూ తల ఎత్తకుండా, "ఆయప్ప మనింట్లో కూర్చోని తిన్న మనిషి. అంత అనుమానముంటే పేరు కొట్టించుకో, గిన్నెలకు కొట్టించినట్ల" అంది. ఎగతాళికే అంది. నాకు మాత్రం అది దేవుడే పలికించినట్టు తోచింది.

మనవైపు ఏ ఇంట్లో అయినా చూడండి, చెంబు మొదలు అండా వరకు పేరు లేని గిన్నె ఉండదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ అప్పుగా పోయిన గిన్నె ఆ పేరును పట్టుకునే ఇంటికి తిరిగొస్తుంది. బజారులో స్టీలు సామాన్ల అంగడి ముందు అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. చేతిలో కరెంటుతో గిలగిల కొట్టుకునే సూది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కంటికి దగ్గరగా పట్టుకుని గుర్రుమని పేరు చెక్కేస్తాడు. గురువారం పొద్దున్నే కార్డు ఊడదీసి, న్యూస్‌పేపరులో చుట్టి, ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో తట్టి చూశాడు. "ఇత్తడీ కాదు, ఎవర్సిల్వరూ కాదు. ఇదేం గిన్నెప్పా?"

గిన్నె కాదు, కంప్యూటరులోదని చెప్పాను. వెనకవైపు, ఎవరికీ కనబడని మూల, నా పేరు పొడి అక్షరాలు రెండు చాలన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. సూది గుర్రుమంది. పచ్చటి పొడి కాస్త రాలింది. ఊది చూసుకుని, మళ్ళీ సూది పెట్టాడు. ఇంకేం చెక్కుతున్నావని అడిగితే, వట్టి అక్షరాలు మొండిగా ఉండాయి, పక్కన ఒక పువ్వు వేస్తున్నా, దానికేమీ ఇవ్వక్కర్లేదులే అన్నాడు. పువ్వు చాలా బాగా వచ్చింది. ఐదు రేకులు, కింద వంపు తిరిగిన కాడ, కాడకు ఒక ఆకు.

షాపుకొచ్చి ఆ గుర్తు మీద మామిడి పెట్టెల లేబులు ఒకటి, బొటనవేలంత ముక్క కత్తిరించి అంటించాను. గుర్తు ఉందని దొంగకు తెలిస్తే ఇక గుర్తెందుకు? మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. ఊడదీసి పేపరులో చుట్టి సిద్ధంగా ఉన్న కార్డును చూసి, మీరే తీసేశారా అన్నాడు. విప్పి చూశాడు. లేబులు దగ్గర అతని వేలు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ వేలు ఆగడం నాకు నచ్చలేదు.

శనివారం వచ్చాడు. కార్డు మిషనులో పెట్టి స్విచ్చు వేశాడు. కొత్త ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. స్క్రీను మీద మాత్రం గళ్ళ లుంగీ ఆరేసినట్టు పచ్చగా, గులాబీగా గళ్ళు. అక్షరం ముక్క లేదు. షాపులో చూసినప్పుడూ ఇట్లే వచ్చిందని, ఫ్యాను సరిగ్గా తిరగక వేడెక్కి కార్డు పోయి ఉంటుందని నిదానంగా చెప్పాడు.

"బుధవారం సాయంత్రం దాకా పనిచేసిందప్పా ఇది. నా కండ్లతో చూసినా."

"చేసుండచ్చన్నా. నా దగ్గరికొచ్చేటప్పటికి లేదు."

నేను కార్డు అందుకుని, వెలుతురు కోసమన్నట్టు వాకిట్లోకి పోయి, లేబులు మూల గోటితో పైకెత్తి చూశాను. నా అక్షరాలు ఉన్నాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో అనుమానం తీరిపోవాలి. నాకు రెట్టింపైంది. కార్డు నాదే. అయితే దాని మీదున్న నల్లటి బిళ్ళలు, ఆ చిప్పులు, నావేనా? పలక ఉంచేసి, బిళ్ళలు మాత్రం కరిగించి తీసి, చచ్చినవి అతికించి ఉంటే? పేరు పలక మీద ఉంది కానీ బిళ్ళల మీద లేదు కదా. ఎంత తెలివిగలవాడు కాకపోతే ఇంత దూరం ఆలోచిస్తాడు అనుకున్నాను. నిజానికి అంత దూరం ఆలోచించింది నేనే.

ఇంతలో అతను సంచిలోనుంచి పాత కార్డు ఒకటి తీసి మిషనులో పెట్టాడు. ముహూర్తాల రోజులు, పని ఆగకూడదు, కొత్తది దొరికేదాకా ఇది వాడుకోండి, ఏమీ ఇవ్వొద్దు అన్నాడు. దాంతో నాకు పూర్తిగా ఖాయమైపోయింది. తప్పు చేయనివాడు ఊరికే ఎందుకిస్తాడు?

ఆ సాయంత్రమే టీ అంగట్లో మొదలుపెట్టాను. మనిషికి మత్తుమందిచ్చి కిడ్నీ తీసినట్టు, నా కార్డుకు ఫ్యాను మారుస్తానని పడుకోబెట్టి లోపలి బిళ్ళలు తీసేశాడని చెప్పాను. కిడ్నీ అన్న మాట బాగా పట్టుకుంది. నేను అతని పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, భుజాన సంచితో తిరుపతినుంచి వచ్చే మెకానిక్కు ఒక్కడే.

పది రోజులు తిరగకముందే, తిరుపతికి పోతున్న బస్సులో నా పక్కన ఎవరో తెలియని మనిషి కూర్చుని నాకే ఈ కథ చెప్పాడు. పాకాలలో అతనికి స్టూడియో ఉందట. ఆ మెకానిక్కుకు రేణిగుంటలో గోడౌను ఒకటి ఉందట, అందులో డ్రమ్ముల నిండా బిళ్ళలట, వారానికోసారి రైల్లో మద్రాసుకు పోతాయట. నేను నోరు తెరుచుకుని విన్నాను. నా కథకు గోడౌను వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి, రైలు కూడా వచ్చింది. చెప్పడంలో అతను నాకంటే గట్టివాడు. చివర్లో మామూలుగా, "కాలేజీ కరెస్పాండెంటు దాకా పోయిందంట మాట. పని వానికియ్యలేదంట, సోమవారం ఇంకొకర్ని పిలస్తారంట" అన్నాడు.

సోమవారమేనా అని అతన్ని రెండుసార్లు అడిగాను. అయినా నేను వెనక్కి తగ్గలేదు. పోతే పోయింది, దొంగకు పని పోతే నాకేమి అనుకున్నాను. ఆ అనుకోవడంలో బలం తగ్గినట్టు అనిపించి, బలం కోసం రుజువు సంపాదించాలనుకున్నాను. పాకాలలో రైల్వే సిగ్నళ్ళ పని చేసి రిటైరైన పెద్దాయన ఒకడున్నాడు, సన్న పనుల్లో ఆయన కన్నే కన్ను అని పేరు. బిళ్ళలు మార్చారని ఆయన నోటితో చెప్పిస్తే, రేపు ఎవరైనా అడిగినా నాకు ధైర్యంగా ఉంటుంది. మర్నాడు, శనివారం, పాకాల బస్సెక్కాను.

ఆయన కార్డును కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, భూతద్దం కంటికి బిగించుకుని, బిళ్ళ తర్వాత బిళ్ళ చూశాడు. చాలాసేపు చూసి, ఒక్కదాన్ని కూడా ఎవరూ ముట్టలేదు, ఫ్యాక్టరీలో అతికించింది అతికించినట్టే ఉండాయి అన్నాడు. సరిగ్గా చూడమన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూసి, కార్డు వెనక్కి తిప్పి, లేబులు పీకేశాడు.

"ఇదేందప్పా?"

గుర్తు కోసమని గొణిగాను.

"పువ్వు చెక్కినారే దీని మింద. యా మహానుభావుడు చెక్కినాడు?"

భూతద్దం నా చేతికిచ్చాడు. పలక లోపల వెంట్రుకల్లాంటి రాగి గీతలు పక్కపక్కనే వరసగా పోతున్నాయి. కార్డు ప్రాణమంతా వాటిలోనే పారుతుందట. నా అక్షరాలు వాటికి దూరంగా, ఖాళీ జాగాలో, ఏ హానీ చేయకుండా కూర్చున్నాయి. పువ్వు రేకులు కూడా ఏమీ చేయలేదు. ఊరికే వేసిన ఆ కాడ మాత్రం వంపు తిరుగుతూ పోయి నాలుగు గీతల్ని కోసేసింది. ఐదోదాన్ని ఆకు సగం తినేసింది.

బయటికొచ్చి పాకాల బస్టాండులో కూర్చున్నాను. దాచిపెడదామని మొదట అనుకున్న మాట నిజం. ఈ పాకాల పెద్దాయనకు మా ఊరు తెలియదు, మెకానిక్కు తెలియదు. కార్డును ఏ బావిలోనో పడేస్తే పువ్వూ లేదు, కాడా లేదు. రెండు చిత్తూరు బస్సులు పోయేదాకా ఆ ఆలోచనతోనే ఉన్నాను. కానీ సోమవారం అన్న మాట చెవిలో గుయ్యిమంటూనే ఉంది. మూడో బస్సెక్కాను.

నేరుగా టీ అంగడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో ఏమీ కలపకుండా చెప్పిన మొదటి కథ అదే. పేరు చెక్కించుకున్నానని, పువ్వు కాడ గీతల్ని కోసిందని, మెకానిక్కు ఏ పాపమూ ఎరగడని. అందరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. గ్రాఫిక్స్ కార్డుకు గిన్నెల మాదిరి పేరు కొట్టించడమేంది, ఇది రేడియో కథ కంటే బాగుందన్నారు. అంగడాయన టీ గ్లాసు నా ముందు పెట్టి మెల్లగా అడిగాడు.

"ఏం తినిపించినాడన్నా నీకు, ఇట్ల తిప్పి చెప్తాండావు?"

"ఏమీ తినిపించలేదప్పా. నిజం."

"నిజమని నువ్వంటే ఇంగ నమ్మినట్లే."

కార్డు తీసి చూపించాను. ఈ పువ్వు ఇప్పుడు చెక్కించి తెచ్చుంటావు అన్నాడు ఒకడు. కిడ్నీ కథకు ఒక్క రుజువు కూడా అడగనివాళ్ళు, నిజమైన మాటకు రుజువు చూపిస్తే దాన్ని కూడా అనుమానించారు. వాళ్ళకు ఆ విద్య నేర్పించిందే నేను.

నా మాట చెల్లదని తేలిపోయింది. సోమవారం పొద్దున మొదటి బస్సులో పేర్లు చెక్కే పెద్దాయనను వెంటబెట్టుకుని తిరుపతి పోయాను. ఆయన రావడానికి ఒప్పుకున్నది నా కోసం కాదు. నీ పువ్వు వల్ల ఒక మనిషి పని పోతోందని చెబితే, ఆయన ముఖం మాడిపోయింది. సూది మిషనును గుడ్డసంచిలో పెట్టుకుని, దారి పొడుగునా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

కరెస్పాండెంటు మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టి పిలిచాడు. నేను చెబుతుంటే ఆయన కనుబొమలు కొంచెం కొంచెంగా పైకి పోయాయి. మెకానిక్కు మీకేమవుతాడని అడిగాడు. ఏమీ కాడన్నాను. మరి ఇంత దూరం పని మానుకుని ఎందుకొచ్చారన్నాడు. చెడ్డమాట పుట్టించింది నేనే గనక అన్నాను. అయితే అబద్ధం చెప్పేది మీ అలవాటన్నమాట అన్నాడు. కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

అప్పటిదాకా నోరు విప్పని పెద్దాయన బల్ల మీది కార్డు అందుకున్నాడు. "ఈ పువ్వు నాదే సార్. ఐదు రేకులు. ఆరు వేసేటోడు పుత్తూరులో ఉండాడు, వాని కాడ నేరుగా పోతాది. నాది వంగతాది."

ఆ మాట అని ఊరుకోలేదు. బల్ల మీదున్న స్టీలు నీళ్ళ గ్లాసు ఎత్తి, నీళ్ళు కిటికీలోంచి పారబోసి, సంచిలోనుంచి సూది తీసి, ప్లగ్గు ఎక్కడుందని చూశాడు. ఆపేలోపల గుర్రుమంది. రెండు నిమిషాల్లో కాలేజీ గ్లాసు మీద ఐదు రేకులు, వంపు కాడ, ఆకు. రెండింటినీ పక్కపక్కన పెట్టి జరిపాడు. కరెస్పాండెంటు కళ్ళజోడు మార్చుకుని ఇటు చూశాడు, అటు చూశాడు. కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తి, తెగిన గీతల మీద గోరు నడిపించాడు. ఆయన సైన్సు చదివిన మనిషేనట. చివరికి నాతో, "మీ మాట నమ్మలేదు. ఈయన చెయ్యి నమ్మినాను" అన్నాడు. కాగితం ఆ వారంలోనే మెకానిక్కు చేతికి పోయింది. దాంతోపాటు కాలేజీ హాస్టలు గిన్నెలన్నిటికీ పేర్లు కొట్టే పని పెద్దాయనకు పడిందని చెబితే మీరు నమ్మరు. అదీ నిజమే.

తర్వాతి వారం మెట్ల కింది షాపుకు పోయాను. సామాను అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాడు. నేను క్షమాపణ లాంటిదేదో పెద్దగా తయారుచేసుకుని పోయాను. అతను చెప్పనిచ్చాడు, నడుమ ఆపలేదు. అయిపోయాక పెట్టె మూత వేస్తూ అన్నాడు.

"ఆ లేబులు చూసినప్పుడే తెలిసిందన్నా, కింద గుర్తు పెట్టినావని. పీకితే బాధపడతావని ముట్టలే. పీకుంటే ఆ రోజే తెలిసిపొయ్యుండు."

అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇంక చిత్తూరులో అందరికీ చెబుతాను, నీలాంటి మెకానిక్కు జిల్లాలోనే లేడని ప్రతి షాపు ఎక్కి చెబుతాను, ఎవరు నమ్మరో చూస్తాను అన్నాను. అతను కంగారుగా తల ఎత్తాడు. ఇన్నేళ్ళలో అతను కంగారుపడగా చూసింది అదొక్కసారే.

"వద్దన్నా. నీ మింద నాకు కోపం లేదు. మిషను చెడితే ఫోన్ చెయ్, వస్తా. నా గురించి మాత్రం మంచి గూడా యాడా చెప్పొద్దు. నువ్వు నన్ను మంచోడంటే, ఇంగా ఏం చేసినాడో అనుకుంటారు."

సరేనన్నాను. కష్టమైన మాటే, కానీ ఈ ఇరవై ఏళ్ళలో తప్పలేదు. ఇప్పుడు అతని షాపు ఏ వీధిలో ఉందో, బోర్డు మీద ఏముందో ఇక్కడ రాయకపోవడం కూడా అందుకే. చదివినవాళ్ళలో ఎవరికైనా మనిషెవరో తెలిసిపోతే తెలియనివ్వండి, మిషను ఇచ్చి నిశ్చింతగా ఇంటికి పోండి. నేను చెబితే వచ్చామని మాత్రం అతనితో అనకండి.